సైటేషన్లు 11 ఏనా అన్నారట! (మాస్టారి పేజీ)

పోయిన నెల టీకాల గురించి రాస్తూ చివర్లో ఓ మాట జారాను, ఇమ్యునాలజీ (అంటే ఒంటి రోగనిరోధక శక్తి గురించిన శాస్త్రం) సైంటిస్టుని సైటేషన్లతో తూయకండి, తూకం రాళ్ళే సరిగ్గా లేవు అని. అంతే, ఉత్తరాలు, మెయిళ్ళు, వాట్సాప్‌లు. సగం మంది తిట్టారు, మిగతా సగం మంది అసలు సైటేషన్ అంటే ఏంటో చెప్పి అప్పుడు తిట్టండి అన్నారు, న్యాయమే. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే. వంటింటి కెమిస్ట్రీ ప్రశ్నలు పంపినవాళ్ళు ఓ నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి ఇక్కడే చెన్నైలో ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది, ఐదో ఏడు. మొన్న ఒక సంబంధం వచ్చింది, అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్. పెళ్ళిచూపులకి ముందే అమ్మాయి పేరు గూగుల్ స్కాలర్‌లో (పరిశోధన పేపర్లు వెతికే సైటు) కొట్టి చూశాడట. వాళ్ళమ్మగారు ఫోన్ చేసి "మావాడు చూశాడండీ, ఒక్కటే పేపరంట, సైటేషన్లు 11 ఏనంట" అన్నారు. నాకు నోట మాట రాలేదు. 11 అంటే అంత తక్కువా? (ఒక అమ్మ, పెరంబూర్)

జవాబు: అమ్మా, ముందు ఆ పేపరు ఎప్పుడొచ్చిందో చూడాలి. మీరు పంపిన ఫొటోలో తేదీ పోయిన ఏడాది మార్చి అని ఉంది, అంటే ఇంకా పసిది. సైటేషన్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, వేరే ఎవరో సైంటిస్టు తన పేపరు రాసుకుంటూ ఇదిగో ఈ సంగతి ఫలానావాళ్ళు ముందే చెప్పారు అని మీ అమ్మాయి పేపరు పేరు చివర్న వేస్తాడు చూడండి, అదే ఒక సైటేషన్. మరి ఆ వేరే మనిషి మీ అమ్మాయి పేపరు చదవాలి, తన ల్యాబ్‌లో ప్రయోగం చెయ్యాలి, రాయాలి, జర్నల్‌కి పంపాలి, రివ్యూయర్లు ఇంకో మూడు ప్రయోగాలు చేసి రమ్మంటారు, అవీ చెయ్యాలి, అప్పుడుగానీ అచ్చవదు. ఇదంతా అయ్యేసరికి రెండేళ్ళు ఇట్టే గడిచిపోతాయి. ఈలోపే 11 మంది పేరు చెప్పారంటే ఎవరికో పనికొస్తోందన్నమాట. నేనైతే ఆ 11 ఎవరివో చూస్తా. అందులో ఏడెనిమిది ఆ ల్యాబ్‌వాళ్ళే తమది తాము చెప్పుకున్నవైతే సర్లే అనుకుంటా, ఏ జపాన్‌లోనో ముఖం తెలీనివాళ్ళు మేమూ ఇలాగే చేసి చూశాం, మాకూ అలాగే వచ్చింది అని రాసుంటే మాత్రం కుర్చీలోంచి లేస్తా, అలాంటివి రెండున్నా చాలు.

ఇక ఒక్కటే పేపరేంటి అన్నదానికి, ఎలుకల సంగతి వినండి, ఇమ్యునాలజీ ప్రయోగాలు చాలావరకు వాటి మీదే. ఎలుక ఈనడానికి మూడు వారాలు, పిల్ల పెరిగి ప్రయోగానికి రావడానికి ఇంకో ఆరు నుంచి ఎనిమిది వారాలు, అదీ మనక్కావల్సిన జీన్ తీసేసిన పిల్ల పుడితే. చాలాసార్లు పుట్టిన నాలుగింట్లో ఒకటే అలాంటిది. పది ఎలుకలు కావాలంటే నలభై పుట్టాలి. నేను ఇరవై ఏళ్ళ పైన ల్యాబ్‌లో ఎలైజా (శాంపిల్‌లో ఫలానా ప్రోటీన్ ఉందో లేదో చూసే పరీక్ష) ప్లేట్లు కడిగినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఆ ప్లేటు అరచేయి కన్నా కాస్త పెద్దది, 96 గుంటలుంటాయి. సాయంత్రం యాంటీబాడీ పూత వేసి ఫ్రిజ్‌లో పెడతాం, పొద్దున్నే కడుగుడు, శాంపిల్ పొయ్యడం, రెండు గంటలు కాసుకోవడం, మళ్ళీ కడుగుడు, ఇంకో యాంటీబాడీ, మళ్ళీ కడుగుడు, మధ్యమధ్యలో టిష్యూ పేపర్ దొంతర మీద ప్లేటుని బోర్లించి టపటపా కొట్టడం, పక్క గదిలోవాళ్ళకి ఎవరో చపాతీలు చేస్తున్నట్టే వినిపిస్తుంది. ఆఖర్న టీఎంబీ అని ఒక ద్రావణం పోస్తే మనం వెతికే ప్రోటీన్ ఉన్న గుంటలు నీలం తిరుగుతాయి, యాసిడ్ వేస్తే ఆ నీలం పసుపవుతుంది, మెషిన్ ఆ పసుపుని చదువుతుంది. ఒక్కో రోజు ప్లేటంతా నీలమే, శాంపిల్ పొయ్యని గుంటలతో సహా. అంటే ఎక్కడో కడుగుడులో తేడా వచ్చింది, రెండు రోజుల చాకిరీ చెత్తబుట్టలోకి. అలాంటి రోజు ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంటే మీరు ఎవరితోనో గొడవైందేమో అనుకునుంటారు.

దీనికి ఫెలోషిప్ 2023 నుంచి మొదటి రెండేళ్ళు నెలకి 37,000, ఆ తర్వాత 42,000. పైగా పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వాలంటే పేపరు అచ్చయి తీరాలన్న రూలు యూజీసీ 2022లోనే తీసేసింది, కొన్ని సంస్థలు సొంతంగా పెట్టుకుంటున్నాయి, అది వేరే విషయం. ఆ అమ్మగారు మళ్ళీ ఫోన్ చేస్తే, మీ అబ్బాయి రాసిన కోడ్‌ని కంపెనీ బయట ఎంతమంది పేరు పెట్టి చెప్పుకున్నారండీ అని అడగాలనిపిస్తుంది, అడక్కండి. అమ్మాయిని మాత్రం ఒకసారి కూర్చోబెట్టి ఆ పేపర్లో ఏముందే అని అడగండి. ఐదేళ్ళలో ఇంట్లో ఎవరూ అడిగుండరు, పందెం.

ప్రశ్న: హెచ్-ఇండెక్స్ అంటే ఏమిటండీ? మా అల్లుడిది 9 అని మా అమ్మాయి గర్వంగా చెప్పింది. గర్వపడొచ్చా? (రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, మైలాపూర్)

జవాబు: బ్యాంకువారు కాబట్టి లెక్కతోనే చెప్తా. ఒకాయనకి ఆరు పేపర్లున్నాయి అనుకోండి, వాటికి సైటేషన్లు 90, 40, 12, 5, 4, 1. పెద్దదాని నుంచి వరసగా లెక్కపెట్టుకుంటూ రండి, ఎన్నో పేపరైతే దానికి కనీసం అన్ని సైటేషన్లుండాలి, నాలుగోదానికి 5 ఉన్నాయి, నాలుక్కి తగ్గలేదు కాబట్టి సరే, ఐదోదానికి 4 ఏ ఉన్నాయి, అక్కడ ఆగిపోతాం. హెచ్-ఇండెక్స్ 4. ఇప్పుడు మొదటి పేపరుకి 90 బదులు 9,000 సైటేషన్లు వచ్చినా అది 4 ఏ. అంటే జీవితంలో ఒకే ఒక్క అద్భుతం చేసినవాడికి ఈ లెక్కలో పెద్ద విలువ లేదు, ఏటా నాలుగు ఓ మోస్తరు పేపర్లు వేసేవాడికి బాగానే ఉంటుంది. దీన్ని 2005లో కనిపెట్టింది జార్జ్ హిర్ష్ అని కాలిఫోర్నియాలో ఫిజిక్స్ ప్రొఫెసర్. ఇది ఎక్కడమే గానీ దిగడం తెలీదు, పని మానేసినా పెరుగుతుంది, మనిషి పోయినా పెరుగుతుంది, ఇలాంటి ఎఫ్‌డీ మీ బ్యాంకులో కూడా లేదు.

అల్లుడుగారు ఈ మధ్యే పీహెచ్‌డీ పూర్తిచేసి పోస్ట్‌డాక్‌లో ఉంటే 9 మంచిదే, పాతికేళ్ళ సర్వీసున్న ప్రొఫెసరైతే ఆలోచించాలి, లెక్కల సబ్జెక్టైతే ఆ ఆలోచన కూడా మానెయ్యండి, ఎందుకంటే లెక్కల్లో పేపర్లు తక్కువ, ఒకరినొకరు చెప్పుకోవడమూ తక్కువ. ఇమ్యునాలజీ కుంభమేళా లాంటిది, క్యాన్సర్ వాళ్ళు, టీకాల వాళ్ళు, కీళ్ళవాతం వాళ్ళు అందరూ అక్కడే మునుగుతారు, అంకెలు సహజంగానే లావుగా ఉంటాయి. ఆయన ఏ సబ్జెక్టో మీరు రాయనేలేదు.

ప్రశ్న: మా ఇంజనీరింగ్ కాలేజీ గేటు దగ్గర ఒక సారుకి ఫ్లెక్సీ పెట్టారు, "ప్రపంచ టాప్ 2 శాతం సైంటిస్టుగా స్టాన్‌ఫోర్డ్ అవార్డు" అని. ఫ్లెక్సీకి దండ కూడా వేశారు. నిజంగా అంత గొప్పా? (పేరు వద్దు, శ్రీపెరంబుదూర్ దగ్గర)

జవాబు: బతికున్న మనిషి ఫొటోకి దండెందుకు వేశారయ్యా ముందు! ఇది అవార్డేం కాదు. స్టాన్‌ఫోర్డ్‌లో జాన్ అయోనిడిస్ అనే ఆయన ఇంకొంతమందితో కలిసి స్కోపస్ అనే డేటాబేస్ లోంచి లాగి తయారుచేసే పెద్ద జాబితా, 2019లో మొదలుపెట్టారు. కనీసం ఐదు పేపర్లున్న వాళ్ళనే లెక్కలోకి తీసుకుని, మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్, ఒంటరిగా రాసినవాటికి, మొదటి పేరుగా, చివరి పేరుగా ఉన్నవాటికి వచ్చిన సైటేషన్లు ఇలాంటివన్నీ కలిపి ఒక స్కోరు కడతారు. మొత్తం మీద మొదటి లక్ష మందిలో ఉన్నా, తన సబ్జెక్టులో పై 2 శాతంలో ఉన్నా పేరొస్తుంది. జాబితాలు రెండు, ఒకటి జీవితకాలానిది, ఇంకోటి ఆ ఒక్క ఏడాదిది. ఫ్లెక్సీల్లో ఎక్కేది చాలావరకు రెండోది. పేరున్నవాళ్ళలో నిజంగా గట్టివాళ్ళున్నారు, తమని తామే ఉదహరించుకుని ఎక్కినవాళ్ళూ ఉన్నారు, ఆ విషయం దాచకుండా సొంత సైటేషన్లు తీసేస్తే ర్యాంకు ఎంతో కూడా పక్క గడిలో వేస్తారు. ఆ రెండు ర్యాంకులకీ మధ్య తేడా ఎంతుందో చూస్తే సారు సంగతి మీకే తెలిసిపోతుంది, జాబితా ఉచితంగానే దొరుకుతుంది. చూశాక స్టాఫ్‌రూమ్‌లో మాట్లాడకండి, మీ మార్కులు ఆయన చేతిలో ఉంటాయి.

ప్రశ్న: ఇమ్యునాలజీలో నోబెల్ వచ్చినవాళ్ళకి మొదట్నించీ సైటేషన్లు ఎక్కువే ఉంటాయా? ఉంటే ముందే కనిపెట్టేయొచ్చు కదా? (బి.ఎస్సీ. విద్యార్థిని, తాంబరం)

జవాబు: మంచి ప్రశ్న తల్లీ, ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

కాటలిన్ కరికో పేరు వినే ఉంటావు. హంగేరీలో ఒక మాంసం కొట్టు ఆయన కూతురు, అమెరికా వెళ్ళి ఎంఆర్‌ఎన్‌ఏ, ఎంఆర్‌ఎన్‌ఏ అని పట్టుకు కూర్చుంది, ఏ ప్రోటీన్ చెయ్యాలో కణానికి చెప్పే చీటీ లాంటిది అది. గ్రాంట్లు రాలేదు. 1995లో యూనివర్సిటీవాళ్ళు హోదా తగ్గించేశారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి జర్నల్ పేజీలు కాపీలు తీసుకునే జిరాక్స్ మిషన్ దగ్గర డ్రూ వైస్‌మన్ అనే ఇమ్యునాలజిస్టు పరిచయమయ్యాడు, ఇద్దరూ ఆ మిషన్ కోసం పోటీపడేవాళ్ళట. వాళ్ళ సమస్య ఏంటంటే బయట తయారుచేసిన ఎంఆర్‌ఎన్‌ఏని ఒంట్లోకి పంపిస్తే మన ఇమ్యూనిటీ దొంగ దొంగ అని గోల పెట్టేస్తుంది, వాపులు, జ్వరాలు. ఆ ఎంఆర్‌ఎన్‌ఏలో యూరిడిన్ అనే అక్షరాన్ని దానికి కొంచెం మార్చిన రూపంతో మారిస్తే గోల తగ్గిపోయింది. 2005లో ఇమ్యూనిటీ అనే జర్నల్‌లో వేశారు, అంతకుముందు ఓ పెద్ద జర్నల్ ఇదేమంత కొత్త సంగతని తిప్పి పంపింది. పేపరు రాగానే ఫోన్లు మోగిపోతాయని వైస్‌మన్ అనుకున్నాడట, ఒక్కటీ మోగలేదు. సైటేషన్ల వరద వచ్చింది 2020 తర్వాత, కోవిడ్ టీకాలు వచ్చాక. (మన దగ్గర ఎక్కువమంది వేయించుకున్నవి వేరే రకం టీకాలు, అది గుర్తుంచుకో, ఈ విషయంలో వాట్సాప్ యూనివర్సిటీ తప్పులు చాలా ఉన్నాయి.) 2023లో నోబెల్. ఇప్పుడు చెప్పు, 2010లో ఎవరైనా ఆమె సైటేషన్లు చూసి ఏం కనిపెట్టేవాళ్ళు?

ఇంకొకాయన షిమోన్ సకాగుచి, జపాన్. ఈయన కథ నాకు ఇంకా ఇష్టం. 1969లో నగోయాలో ఇద్దరు సైంటిస్టులు పుట్టిన మూడో రోజు ఎలుక పిల్లకి థైమస్ తీసేశారు. థైమస్ అంటే రొమ్ము ఎముక వెనకాల ఉండే చిన్న గ్రంథి, టీ సెల్స్ అనే, రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు తయారయ్యే బడి అనుకో. బడి మూసేస్తే ఇమ్యూనిటీ తగ్గాలి కదా, కానీ జరిగింది వేరే, ఆ ఎలుకల అండాశయాలు పాడైపోయాయి. సకాగుచి దీన్ని పట్టుకుని, ఒంటిని కాపాడే టీ సెల్స్‌లోనే మిగతావాటిని ఆగండ్రా అని ఆపే రకం ఒకటుంది, మూడో రోజు థైమస్ తీసేస్తే ఆ రకమే కరువవుతోంది, మిగతావి సొంత ఒంటి మీదే పడుతున్నాయి అన్నాడు. వీధిలో పోలీసుల్ని అదుపు చేసే పోలీసులన్నమాట. అయితే సరిగ్గా ఆ టైముకే సప్రెసర్ టీ సెల్స్ అని ఒక సిద్ధాంతం బ్రహ్మాండంగా వెలిగి, 1980లలో దాని కింద పునాదే లేదని తేలి కుప్పకూలింది. దాంతో ఆపే సెల్స్ అని ఎవరన్నా నోరెత్తితే నవ్వడం మొదలుపెట్టారు. ఒక సంగతి చెప్పనా, ఆ కూలిపోయిన సిద్ధాంతం పేపర్లకి సైటేషన్లు అప్పట్లో దండిగా ఉండేవి.

సకాగుచి మాత్రం వదల్లేదు, పదేళ్ళు ఆ సెల్స్‌ని గుర్తుపట్టే బొట్టు ఏదన్నా ఉందా అని వెతికాడు, 1995లో దొరికింది, సీడీ25 అనే ప్రోటీన్. పేపరు వేసింది జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీలో, మంచి జర్నలే, కానీ టీవీలో వచ్చే రకం కాదు. 2001లో అమెరికాలో ఓ చిన్న కంపెనీలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనే ఇద్దరు స్కర్ఫీ అనే రోగిష్టి ఎలుకల జాతిలో ఏ జీన్ చెడిందో పట్టుకున్నారు, ఫాక్స్‌పీ3. అదే జీన్ చెడితే మగపిల్లల్లో ఐపెక్స్ అనే ఘోరమైన జబ్బు వస్తుంది. రెండేళ్ళకి ఈ రెండు దారులూ కలిశాయి, ఆ ఆపే సెల్స్‌ని తయారుచేసేది ఫాక్స్‌పీ3 ఏ అని. 2025 అక్టోబర్‌లో ముగ్గురికీ కలిపి నోబెల్. ముగ్గురిలో బ్రంకో యూనివర్సిటీ ప్రొఫెసర్ కూడా కాదు, పేపర్ల లెక్క చూసే మన సెలక్షన్ కమిటీ ముందు కూర్చుంటే ఇంటర్వ్యూకి పిలిచేవాళ్ళా అని నా అనుమానం.

అంటే సైటేషన్లు దేనికీ పనికిరావని అనట్లేదు. సకాగుచి పేపరుని ఇవాళ వేలమంది ఉదహరిస్తున్నారు, అది నిజమైన గౌరవమే. కాకపోతే ఆ అంకె వచ్చేసరికి నిర్ణయాలన్నీ అయిపోయాయి, ఎవరికి ఉద్యోగం, ఎవరికి గ్రాంటు, ఎవరు ఇంటికి. పెళ్ళయ్యాక జాతకం చూసినట్టు.

ప్రశ్న: రాత్రింబగళ్ళు నేను చేసిన పనికి పేపర్లో మా గైడ్ తన స్నేహితుడి పేరు మధ్యలో ఇరికించారు. ఆయన మా ల్యాబ్ మొహం కూడా చూడలేదు. నేనేం చెయ్యాలి? (రిసెర్చ్ స్కాలర్, తరమణి)

జవాబు: బాబూ, మొదటి పేరు నీదేనా? అయితే కొంచెం ఊపిరి పీల్చుకో. మా ఫీల్డ్‌లో మొదటి పేరు చేతులు కాల్చుకున్నవాడిది, చివరి పేరు ల్యాబ్ నడిపేవాడిది, మధ్యలోవి పెళ్ళి ఫొటోలో వెనక వరస. అయినా అది తప్పే. పనిలోనో ఆలోచనలోనో చెయ్యి ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో పాలుండాలి, ఆఖరి ప్రతి చూసి సరే అనాలి, రేపు తేడా వస్తే నాదీ బాధ్యత అనాలి, చాలా మెడికల్ జర్నళ్ళు ఒప్పుకున్న నాలుగు షరతులివి. ఈ తరవాతి పేపరుకి పని మొదలుపెట్టే రోజే ఎవరి పేరు ఎక్కడో మెయిల్లో రాయించుకో, మర్యాదగానే, "సార్, క్లారిటీ కోసం" అని. ఇప్పటిదానికి గొడవ పడాలా వద్దా అంటే, థీసిస్ సంతకం ఇంకా కాలేదు కదా, నేను నీ చోట ఉంటే మింగేసేవాణ్ణి. ధైర్యం చెప్పే సలహా కాదని తెలుసు.

కాస్త నవ్వుకోడానికి ఒకటి చెప్తా. పాలీ మట్జింగర్ అని అమెరికాలో ఇమ్యునాలజిస్టు. కాలేజీ ఊళ్ళో బార్‌లో వెయిట్రెస్‌గా చేస్తూ అక్కడికొచ్చే ప్రొఫెసర్లతో సైన్స్ వాదించేది, వాళ్ళే ఆమెని ఈ దారి పట్టించారు. 1978లో జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ మెడిసిన్‌కి పేపరు రాసింది, ఒక్కతే. "చేయబడినది, చూడబడినది" అని రాయడం ఆమెకి చిరాకు, "నేను" అని రాస్తే బాగోదు, "మేము" అనాలంటే ఇంకొకరు కావాలి. తన ఆఫ్ఘన్ హౌండ్ కుక్క పేరు వేసేసింది, గలాడ్రియల్ మిర్క్‌వుడ్. అచ్చయింది కూడా. తర్వాత సంగతి తెలిసి ఎడిటర్‌కి ఒళ్ళు మండి, ఆయన ఉన్నన్నాళ్ళు ఆమెని ఆ గడప తొక్కనివ్వలేదంటారు. 1994లో ఆమే, ఇమ్యూనిటీ పరాయివాడా మనవాడా అని చూడదు, ప్రమాదం ఉందా లేదా అని చూస్తుంది అని డేంజర్ మోడల్ చెప్పింది, దాని మీద ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, కొట్టుకున్న ప్రతిసారీ ఆమెకి ఓ సైటేషన్. మీ గైడ్ స్నేహితుడి కన్నా ఆ కుక్కే నయం, ఇంట్లో అయినా పక్కన కూర్చునుంటుంది.

ప్రశ్న: ల్యాన్సెట్ అనే వైద్య జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒక్క ఏడాదిలో 79 నుంచి 202 అయిందని చదివాను, అంత మంచి పేపర్లు వచ్చాయా? (లైబ్రేరియన్, అడయార్)

జవాబు: కోవిడండీ. గత రెండేళ్ళలో అచ్చయిన వాటికి ఈ ఏడాది వచ్చిన సైటేషన్లని ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. 2020లో కోవిడ్ మీద రాసిన తొలి పేపర్లని ప్రపంచమంతా ఉదహరించింది, 2021 లెక్కలో 202 అయింది, 2023కి మళ్ళీ 98 కి దిగింది. యూజీన్ గార్ఫీల్డ్ ఈ లెక్క తెచ్చినప్పుడు ఏ జర్నల్ కొనాలో మీలాంటి లైబ్రేరియన్లకి తెలియడానికి బాగా పనికొచ్చింది. మనుషులకి ఉద్యోగాలివ్వడానికి వాడేస్తున్నారని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సైంటిస్టులు కూర్చుని అలా వాడొద్దని డోరా అనే ప్రకటన కూడా తయారుచేశారు. సంతకాలు బాగానే పెట్టారు అందరూ.

ప్రశ్న: మాది తిరువళ్ళూరు వైపు పల్లెటూరు. నా చిన్నప్పుడు, 1969 అనుకుంటా, ఊరందరికీ చేతి మీద సూది వేసి మూడో రోజు స్కేలుతో కొలిచి బీసీజీ టీకా వేశారు. తర్వాత ఆ టీకా పనిచెయ్యలేదని తేల్చారట. మా మీద చేసిందంతా వేస్టేనా? (64 ఏళ్ళ పాఠకుడు)

జవాబు: అయ్యా, మీకు దణ్ణం పెట్టాలి ముందు. మీరు చెప్పేది అప్పటి చెంగల్పట్టు జిల్లాలో 1968లో మొదలైన బీసీజీ ట్రయల్, సుమారు 3,60,000 మంది జనం, ప్రపంచంలో అంత పెద్ద బీసీజీ పరీక్ష ఇంకోటి జరగలేదు. కొందరికి టీకా, కొందరికి మందులేని ఉత్త సూది, ఎవరికి ఏదో వేసినవాళ్ళకీ తెలీదు. మీ చేతి మీద స్కేలు పెట్టింది టీబీ క్రిమి అంతకుముందే ఒంట్లోకి వచ్చిందా అని చూడ్డానికి, సూది చోట గట్టిపడ్డ వాపు ఎన్ని మిల్లీమీటర్లో కొలుస్తారు. అందరూ టీకా గెలుస్తుందనే అనుకున్నారు. 1979లో మొదటి రిపోర్టు వచ్చింది, ఊపిరితిత్తుల టీబీ నుంచి రక్షణ లేదు. పదిహేనేళ్ళ లెక్కలు 1999లో వేశారు, పెద్దవాళ్ళలో అదే మాట.

వేస్టా అంటారా? ఇంగ్లండ్‌లో బాగా పనిచేసిన టీకా ఇక్కడెందుకు చెయ్యలేదు అన్న ప్రశ్న మీ ఊళ్ళోంచే పుట్టింది. మన మట్టిలో, నీళ్ళలో టీబీ క్రిమి చుట్టాలు బోలెడున్నాయి, మన ఒళ్ళు ముందే వాటికి అలవాటు పడి ఉండటం వల్ల టీకా కొత్తగా నేర్పేది ఏమీ మిగల్లేదేమో అన్నది ఒక వాదన, ఇప్పటికీ తేలలేదు. కొత్త టీబీ టీకా మీద పేపరు రాసే ఏ దేశంవాడైనా చెంగల్పట్టు పేరు ఎత్తక తప్పదు. మనవాళ్ళు ఓటమిని దాచకుండా అచ్చేశారు, నా దృష్టిలో చెన్నై చుట్టుపక్కల జరిగిన ఇమ్యునాలజీలో దాన్ని మించింది లేదు. ఇంకో మాట, ఇది చదివి మనవళ్ళకి బీసీజీ మానిపించేరు, మెదడుకి పాకే టీబీ లాంటి ప్రాణాంతక రకాల నుంచి పసిపిల్లల్ని అది కాపాడుతుంది, పుట్టగానే వేయించాల్సిందే.

ప్రశ్న: ఈ సైటేషన్ల ఆటలో మన తెలుగువాళ్ళు ఎవరైనా ఉన్నారా? (సౌకార్‌పేట)

జవాబు: యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టి, చదువు మన మద్రాస్ మెడికల్ కాలేజీలో. ఖద్దరు గౌను వేసుకుని వెళ్ళినందుకు సర్జరీ దొరకి కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు చిన్న డిగ్రీతో బయటికొచ్చారు. సెంట్రల్ ఎదురుగా ఆ గేటు దాటినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. అమెరికా వెళ్ళి 1925లో ఫిస్కే అనే ఆయనతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగుతో కొలిచే పద్ధతి రాశారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ ఉదహరిస్తూనే ఉన్నారు, వందేళ్ళయింది. ఇలా కొలిచే పద్ధతుల పేపర్లకే సైటేషన్లు ఎక్కువ, అన్ని శాస్త్రాల్లోనూ అతి ఎక్కువ సైటేషన్లున్న పేపర్లలో మొదటిది ప్రోటీన్ కొలిచే లౌరీ పద్ధతి, 1951ది, 3 లక్షలు దాటాయి, అదేమంత గొప్ప పేపరు కాదని లౌరీ గారే అన్నారు.

సుబ్బారావు గారి బృందం చేసిన మందుల సంతతిలోదే మెథోట్రెక్సేట్. మొదట క్యాన్సర్‌కి, తర్వాత ఇమ్యూనిటీ సొంత కీళ్ళ మీద పడే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి. ఇవాళ కీళ్ళ డాక్టరు చీటీ రాస్తూ ఎవర్నీ ఉదహరించడు, అరుగు మీద కూర్చున్నవాడు తాపీమేస్త్రీ పేరు అడగడు కదా. మీ ఇంట్లో ఎవరన్నా వాడుతుంటే చూసుకోండి, కీళ్ళకి అది వారానికి ఒక్కసారే, రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది.

ప్రశ్న: మాస్టారూ నేను పదో తరగతి. టీ సెల్‌లో టీ అంటే థైమస్ అని మా టీచర్ చెప్పారు. బీ సెల్‌లో బీ అంటే ఏంటి? బోన్ మారో అని రాస్తే తప్పా? (అంబత్తూర్)

జవాబు: పరీక్షలో మీ టీచర్ చెప్పిందే రాయి నాన్నా. నిజం మాత్రం కోడి. కోడికి తోక కింద, రెట్ట వచ్చే దారి పైన ఒక చిన్న సంచి ఉంటుంది, దాని పేరు బర్సా. 1950లలో అమెరికాలో బ్రూస్ గ్లిక్ అనే స్టూడెంటు, వాళ్ళ ప్రొఫెసర్ బాతు జాతి పక్షిని కోస్తుంటే అదేంటండీ అని అడిగాడు, నువ్వే కనుక్కో అన్నాడాయన. కోడిపిల్లలకి అది తీసేసి చూస్తే ఏమీ జరగలేదు, మామూలుగా పెరిగాయి. ఆ కోళ్ళని తిమోతీ చాంగ్ అనే ఇంకో స్టూడెంటు, క్లాసులో యాంటీబాడీలు ఎలా వస్తాయో చూపిద్దామని అడిగి తీసుకెళ్ళి టీకాలాగా సాల్మొనెల్లా ఎక్కిస్తే, ఒక్క చుక్క యాంటీబాడీ రాలేదు, కొన్ని చచ్చిపోయాయి. చాంగ్ పరువు పోయింది, గ్లిక్‌కి కావల్సింది దొరికింది. సైన్స్ పత్రిక వద్దంటే 1956లో పౌల్ట్రీ సైన్స్ అనే కోళ్ళఫారాల పత్రికలో వేశారు, ఇమ్యునాలజీవాళ్ళు కోళ్ళ పత్రికెందుకు చదువుతారు, ఏళ్ళ తరబడి ఎవరూ చూడలేదు. 1965లో మ్యాక్స్ కూపర్ వాళ్ళు దాని మీద కట్టిన ప్రయోగాలతో ఇమ్యూనిటీలో రెండు రకాల సెల్స్ ఉన్నాయని తేలింది. మనకి బర్సా లేదు, ఆ పని ఎముకల్లో జరుగుతుంది, దానికీ బీ అక్షరమే కలిసొచ్చింది.

ఆదివారం మీ నాన్నగారితో చికెన్ కొట్టుకి వెళ్తే, కొట్టేముందు తోక దగ్గర పేగు చివర చూపించమను. బ్రాయిలర్ లేత కోడి కాబట్టి ఇంకా ఉంటుంది, ద్రాక్షపండంత, ముసలి పెట్టలో అయితే ఎండిపోయి కనపడదు. కొట్టువాడు నీ వంక అదోలా చూస్తాడు.